వ్రాఁతయు మఱుఁగును

కడప మండలమున, ప్రొద్దుటూరికి అనతిదూరమున, ఎఱ్ఱగుంట్ల ప్రక్క కలమళ్ల యను గ్రామము కలదు. నేఁడు ఆ ఊరి పేరు చెప్పినంతనే చాలమందికి జ్ఞప్తికి వచ్చునవి అచ్చటి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. కాని తెలుఁగు చదివినవారికి ఆ గ్రామము వేఱొక కారణమున ముఖ్యమైనది. అచ్చటి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయ ప్రాంగణమున నొక శిల యున్నది. రేనాటి నేలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుఁడు క్రీ.శ. 575 ప్రాంతమున దానిమీఁద వ్రాయించిన శాసనమే మనకు లభించిన తెలుఁగు శాసనములలో మొదటిదని పండితులు నిర్ణయించిరి. రేనాడనఁగా స్థూలముగా నేఁటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కమలాపురము ప్రాంతములును వాని చుట్టుప్రక్కల భూములును. కావున మన భాష వాక్యమై వ్రాఁతకెక్కిన తొలి చోటు మా సీమయే యని మేము గర్వింతుము.

శిలమీఁది వ్రాఁతకు మఱుఁగు లేదు. అది దేవాలయపు ముంగిట నిలిచి, వచ్చువారికిని బోవువారికిని చెప్పవలసినది చెప్పును. వ్రాయించినవాఁడు తన పేరు దాఁచుకొనలేదు. చదువువాఁడును చాటుగాఁ జదువ నక్కఱలేదు. దాత తన దానము లోకమున కెల్లఁ దెలియవలయుననియే దానిని చెక్కించును. చెఱచినవారికిఁ గలుగు పాపమును తఱచుగాఁ జివర వ్రాయించును. ఇట్టి వ్రాఁత యొక జాతి. మనిషి కోరకయే, ఒక్కొక్కప్పుడు ఎఱుఁగకయే, అతని నిత్యకృత్యమును మఱియొకరు వ్రాసికొనునట్టి వ్రాఁత యింకొక జాతి. ఈ రెండవ జాతి వ్రాఁత మా సీమకు ఎట్లు వచ్చినది, నేఁడెంతదాఁక వచ్చినది యని విచారించుట ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము. విచారమునకు హేతువైనది మాత్రము మిక్కిలి క్రొత్త వస్తువు.

2024వ సంవత్సరము మే నెల 20వ తేదీని మైక్రోసాఫ్టు సంస్థవారు తమ విండోసు కంప్యూటర్లలో ‘రీకాల్’ అను నొక క్రొత్త సదుపాయమును జేర్చుచున్నామని ప్రకటించిరి. దాని పనిని వర్ణించుట సులభము. కంప్యూటరు తెరమీఁద నేది కనఁబడుచున్నదో దానిని కొన్ని సెకండ్ల కొకసారి యంత్రమే చిత్రముగాఁ దీసికొనును. ఆ చిత్రములోని యక్షరములను దానే చదువును. బొమ్మలను దానే గుర్తించును. వానినన్నిటిని పట్టికగాఁ గూర్చి తనలోనే దాఁచుకొనును. ‘రెండు నెలల క్రిందట నేనొక నీలపు చీర చూచితిని, అది యెక్కడ?’ అని యడిగినచో ఆనాఁటి తెరను మరలఁ దెచ్చి చూపును. 256 గిగాబైట్ల చోటు గల యంత్రమున దీనికై 25 గిగాబైట్లు కేటాయించినచో సుమారు మూఁడు నెలల తెరచిత్రములు నిలుచునని సంస్థవారే చెప్పిరి. మఱపు గలవారికి ఇది మేలైన సాధనమే. చూచిన పద్యము ఏ పుస్తకమునఁ జూచితినో మఱచి సాయంకాలమంతయు వెదకుకొనిన దినములు నాకును బెక్కు గలవు. కాని తెరమీఁదఁ జీరలును పద్యములును మాత్రమే కనఁబడవు గదా. బ్యాంకి లెక్కయు, వైద్యుని చీటియు, అక్కకు వ్రాసిన జాబును, వ్రాసి పంపలేక చెఱపివేసిన జాబును గూడఁ గనఁబడును.

వ్రాఁత యన్నంతనే శంకించుట మా సీమవారికి క్రొత్త గాదు. 1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని నిజాము కుంపిణీవారితోఁ జేసికొనిన సంధిచే కడప, బళ్లారి మొదలగు ప్రాంతములు ఇంగ్లీషువారి వశమయ్యెను. దత్తమండలములని వానికిఁ బేరు. 1800 నుండి 1807 దాఁక థామస్ మన్రో వానికిఁ బ్రధాన కలెక్టరు. ఆయన 1802లో నారంభించి పొలము పొలమును గొలిపించెను. 33 అడుగుల గొలుసు. అంత పొడవు, అంత వెడల్పు గలది యొక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. అంతకుమునుపు గ్రామమున నేమున్నదో కరణము కవిలె చెప్పుచుండెను. కవిలెకట్టను విప్పువాఁడు కరణమే, కట్టువాఁడు కరణమే. ఇఁక మీఁదట గట్టుమీఁద పడిన గొలుసు చెప్పును. ఆ లెక్క కచ్చేరీకిఁ బోవును. రైతునకు దీనివలన మేలు లేకపోలేదు. తన పేర తన పొలము, తన పన్ను ఇంతయని తేలినది. పాళెగాని యిచ్చకు, కరణము దయకు కొంత విడుదల కలిగినది. కాని వ్రాయఁబడిన ప్రతి గుంటకును పన్ను గలదని యా తరమువాఁడు గ్రహించెను. లెక్కకు ఎక్కినది దప్పించుకొనదు. ఈ జ్ఞానమును మా తాతలు మాకు సామెతగాఁ గాక, భయముగా నిచ్చిపోయిరి.

అదే కాలమున వేఱొక వ్రాఁతయు మా ఊళ్లకు వచ్చెను. కాలిన్ మెకంజీ దొర సర్వే యధికారి. పిమ్మట 1815లో నఖిలభారతమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. ఆయన కొలువునఁ జేరిన ఏలూరి కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, తెలుఁగుచరిత్రకుఁ జేసిన మేలు ఇంతంత గాదు. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతించెను. తక్కినవారు పని నిలుపలేదు. వారి క్రింది గుమాస్తాలు ఊరూరఁ దిరిగి, కరణములను, వృద్ధులను, ఆలయములవారిని అడిగి, దండకవిలెలను జూచి వ్రాయించినవే కైఫీయత్తులు. కడపలోని సి.పి. బ్రౌను భాషాపరిశోధన కేంద్రమువారు కడప జిల్లా కైఫీయత్తులను సంపుటములుగాఁ బ్రకటించిరి. మెకంజీ మనుష్యులు వచ్చినప్పుడు గ్రామస్థులు వారిని పన్ను పెంచుటకు వచ్చినవారిగాఁ దలఁచి నోరు మూసికొనుట పలుచోట్ల జరిగినది. నాకు అందువలనఁ గోపము రాదు. మన్రో గొలుసు చూచిన కన్నులు గదా!

నేను కైఫీయత్తులను చదువునప్పుడెల్ల, అందున్నదానికంటె లేనిదానిని గుఱించియే యెక్కువగా నాలోచింతును. ఊరు ఎవరు కట్టించిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరిచ్చిరి, ఏ దండు ఎప్పుడు వచ్చి దోఁచినది, ఇవన్నియు నుండును. ఏ యింటఁ గోడలు ఎందుకేడ్చినది, ఎవని యప్పు తీఱలేదు, అనునవి యుండవు. చెప్పువాఁడు తనకుఁ దోఁచినంత చెప్పెను. కొంత పెంచి చెప్పెను, కొంత కల్పించెను, కొంత మ్రింగెను. చరిత్రకారునకు ఇది కష్టము. ఆ వృద్ధునకు ఇది హక్కు. అడుగువాఁడొకఁడు ఎదుట నిలిచి యడిగెను గనుకనే యూరకుండుటకు అవకాశము కలిగెను. తెరను చిత్రించు యంత్రము ఎవరిని ఏమియు నడుగదు.

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారమునకుఁ బేరుపడినది. ఆ వర్తకుల చిట్టాలకును ఒక మర్యాద గలదు. కష్టము వచ్చి నగ కుదువ పెట్టిన గృహిణి పేరు, నగ తూఁకము, వడ్డి వర్తకుని పుస్తకమున నెక్కును. ఆమె యెదుటనే యెక్కును. ఎంత వ్రాసిరో ఆమెకుఁ దెలియును, విడిపించినపుడు కొట్టివేయుటయుఁ దెలియును. మఱునాఁడు ఆమె మగఁడో, మఱిదియో అదే యంగడికి వచ్చి కూర్చుండినను మంచి వర్తకుఁడు ఆ మాట యెత్తఁడు. ఎత్తినవాని యంగడికి మఱి యెవ్వరు వత్తురు? అందఱు వర్తకులు ఇట్టివారని నేననను. కాని యట్టి మర్యాద యొకటి యున్నదని, దానిని దప్పినవానిని ఊరు గుర్తుంచుకొనునని మాత్రము చెప్పఁగలను.

మర్యాద లేని పట్టికలు పోలీసుఠాణాలలోఁ బుట్టినవి. 1911వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టముక్రింద మద్రాసు రాజధానిలో ఎఱుకలవారు మొదలగువారిని పుట్టుకచేతనే నేరగాండ్రుగా నెంచి, పేర్లు పట్టికల కెక్కించి, వ్రేలిముద్రలు దీసికొని, వేళకు హాజరు చెప్పించుచుండిరి. ఆ చట్టము మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. పోలీసువారు పేరుమోసిన దోపిడిగాండ్రకుఁ బెట్టిన ‘నోన్ డిప్రెడేటర్’ అను నాంగ్లపదముల మొదటి యక్షరములు రెండునుగలిసి ‘కేడీ’ యై మన భాషలోఁ దిట్టుగా నిలిచినది. తల్లులు అల్లరి బిడ్డలను ముద్దుగాఁ గూడ నా మాట యనుచుందురు. అది యొకప్పటి పట్టిక పేరని వారెఱుఁగరు.

అట్టి పట్టిక బాధ యొకటి ఉత్తరప్రదేశమునుండి సర్వోన్నత న్యాయస్థానమునకుఁ బోయెను. ఖరక్ సింగు అనువాఁడు దోపిడి నేరమునఁ బట్టువడి, సాక్ష్యము చాలక 1941లో విడువఁబడెను. అయినను పోలీసువారు అతని పేరఁ జరిత్రపత్రము తెఱచి, రాత్రులందు తలుపు తట్టి నిద్రలేపి, అతఁడు ఎక్కడికిఁ బోవునది కనిపెట్టుచుండిరి. 1962 డిసెంబరు 18వ తేదీని తీర్పు వచ్చెను. ఆఱుగురు న్యాయమూర్తులలో నధికసంఖ్యాకులు రాత్రులందు ఇంటిమీఁదికిఁ బోవుట తప్పనిరి గాని, ఏకాంతతకు రాజ్యాంగమున హక్కు లేదనిరి. కోకా సుబ్బారావుగారు, మఱియొక న్యాయమూర్తితోఁ గూడి, అందులకు సమ్మతింపలేదు. ఆయన రాజమహేంద్రవరమునఁ బుట్టినవారు. ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తి. పిదప భారత ప్రధానన్యాయమూర్తియు నైరి. కాలికి సంకెల లేనంతమాత్రమున మనిషి స్వేచ్ఛగాఁ దిరుగుచున్నాఁడనరాదనియు, తన్నొక కన్ను వెంబడించుచున్నదని యెఱిఁగినవాని మనస్సునకే బంధము పడుననియు ఆయన వాదము. ఏకాంతత వ్యక్తిస్వాతంత్ర్యమున నంతర్భాగమని ఆయన స్పష్టముగాఁ జెప్పిరి. ఏఁబదినాలుగేండ్లు గడచిన పిదప, 2017 ఆగస్టు 24వ తేదీని, పుట్టస్వామిగారి వ్యాజ్యమునఁ దొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా నా మాటనే నిలిపిరి. మన పాఠ్యపుస్తకములలో సుబ్బారావుగారి పేరు కనఁబడదు. ఒక సినిమా కథానాయకుని పేరు తెలియని విద్యార్థి నాకింతవఱకుఁ గనఁబడలేదు.

ఇంతవఱకుఁ జెప్పినది ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ జరిగిన కథ. మన పత్రికలు ఈ విషయమును జర్చించునపుడెల్ల నిచ్చటనే యాఁగిపోవును. నా యభిప్రాయమున నసలు చిక్కు ఇంటిలో నున్నది. ఏకాంతత, గోప్యత యను మాటలు పుస్తకములవి. వాడుకలో మనకున్న మాట ‘గుట్టు’. ఇంటి గుట్టు లంకకుఁ జేటని సామెత. ఆ సామెతలోఁ గాపాడవలసినది లంక గాని విభీషణుఁడు గాఁడు. అన్న కొలువులో విభీషణుని మనస్సునకు ఏకాంతము కలదా యని సామెత యడుగదు. మన గుట్టు ఇంటిది. అది ఇంటివారిని వీధినుండి కాచును. ఇంటిలోనివారినుండి ఇంటిలోనివారిని గాచుటకు మనవద్ద మాటయే లేదు. వీధివైపు గోడ యెత్తుగాఁ గట్టుకొందుము. కోడలి పెట్టెకుఁ దాళమున్నచో, ‘ఏమి దాఁచినదో’ యని యందుము.

స్త్రీవిద్యకు అడ్డుపడినవారు చెప్పిన కారణములలో, చదువు నేర్చినది చాటుగా జాబులు వ్రాయుననునది యొకటి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిరి. 1883లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ యను పత్రికను వెలువరించిరి. సంస్కారపక్షమువారు ప్రతిపక్షులకు సమాధానముగా, చదువుకొనిన స్త్రీ యట్టి పని చేయదని వాదించుచు వచ్చిరి. ఆ సమాధానము నాకెన్నఁడును దృప్తి కలిగింపలేదు. ప్రతిపక్షులు భయపడినది సరియే. చదువు వచ్చిన స్త్రీ తన జాబు తానే చదువుకొనును, తన జాబు తానే వ్రాయును. నడుమ నెవ్వరు నుండరు. అది చదువునకు దోషము గాదు, ఫలము.

ఆ ఫలము లేని యింటి కష్టము నేను చిన్నతనముననే చూచితిని. చూచుటయే గాదు, కలిగించితిని. మా జిల్లానుండి కువైటునకుఁ బోయి పొట్ట పోసికొనువారు పెక్కుమంది. 1992 ప్రాంతమున వారి క్షేమసమాచారములు జాబులమూలముననే వచ్చుచుండెను. మా వీధిలో నొకామె, ఆమెను నేను పిన్నమ్మా యని పిలిచెడివాఁడను, మగని జాబు తెచ్చి నాచేఁ జదివించుకొనుచుండెను. నాకుఁ బదునొకండేండ్లు. ఒక జాబులో, పంపిన రూకలలోఁ గొంత తన తల్లికిఁ జెప్పక పిల్లవాని పేర బ్యాంకిలో వేయుమని యతఁడు వ్రాసెను. ఇంటికిఁ బోయి మా యవ్వకుఁ జెప్పితిని. చెడ్డ తలఁపేమియు లేదు. గొలుసుకట్టు వ్రాఁతనైనను తడబడక చదివితినని చెప్పుకొనుటయే నా యుద్దేశము. సాయంకాలమునకు ఆ మాట ఆమె అత్తగారిని జేరెను. మఱునెల జాబు వచ్చినపుడు ఆమె మా యింటికి రాలేదు. మూఁడు మైళ్లు నడచి, ప్రక్క యూరిలో బంధువుచేఁ జదివించుకొనెనని వింటిని. నాతో మాటాడుట మానలేదు, వేయించిన సెనక్కాయలు నా జేబులోఁ బోయుటయు మానలేదు. జాబు మాత్రము మరల నా చేతి కీయలేదు.

చదువుకొనిన స్త్రీకైనను ఇంటిలో మఱుఁగు కలదా యను ప్రశ్నకు, మా కడప సబుకోర్టులో వేయఁబడిన యొక వ్యాజ్యమే మూలమయ్యెను. సినిమానటి సరితమీఁద ఆమె భర్త దాంపత్యహక్కుల పునరుద్ధరణమును గోరుచు వేసిన దావా యది. హిందూ వివాహ చట్టపు 9వ సెక్షను అందులకు ఆధారము. హైకోర్టున న్యాయమూర్తి పి.ఏ. చౌదరిగారు 1983లో నా సెక్షనే రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. ఇష్టము లేని స్త్రీని కోర్టు డిక్రీచే మగనియొద్దకుఁ బంపుట ఆమె యేకాంతతకును, మనుష్యగౌరవమునకును భంగమనియు, తన శరీరమునుగుఱించియు సంతానమునుగుఱించియు నిశ్చయించుకొను నధికారము ఆమెదే యనియు వారు చూపిన కారణము. ఆ తీర్పు నిలువలేదు. అదే యేఁడు ఢిల్లీ హైకోర్టు వేఱువిధముగాఁ దీర్చెను. 1984 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము చౌదరిగారి తీర్పును ద్రోసివేసెను. 9వ సెక్షను నేఁటికిని జట్టమున నున్నది. అయినను తెలుఁగు నేలమీఁద న్యాయస్థానమొకటి, ఏకాంతత ఇంటి గోడతో మొదలు గాదనియు, గోడలోపలి మనిషితో మొదలగుననియు చెప్పినది అప్పుడే.

ఇట్టిదే మఱియొక మాట 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఆంధ్రప్రదేశపు స్టాంపుచట్టమునుగుఱించి పలికెను. 1986లో సవరించిన 73వ సెక్షను ననుసరించి, కలెక్టరు పంపిన యే మనిషియైనను ఎవరియొద్దనున్న పత్రములనైనఁ జూడవచ్చును, ప్రతులు తీసికొనవచ్చును. బ్యాంకులవారు ఎదిరించిరి. తన కాగితమును నమ్మి బ్యాంకిలో నుంచినంతమాత్రమున దానిమీఁది గోప్యతను ఖాతాదారుఁడు వదలుకొనినట్లు గాదనియు, ఏకాంతత మనుష్యులది గాని స్థలములది గాదనియుఁ జెప్పి న్యాయస్థానము ఆ సెక్షనును గొట్టివేసెను. వస్తువు ఎక్కడనున్నదని గాక, ఎవరిదని యడుగవలయునన్నమాట. ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొని మరల యంత్రమునొద్దకు వత్తము.

రీకాల్ ప్రకటింపఁబడిన కొలఁది దినములకే పరిశోధకులు దాని లోపమును బయటఁబెట్టిరి. తెరచిత్రములనుండి చదివి తీసిన యక్షరములన్నియు, వాడుకరి ఖాతాలోఁ జొరఁబడిన యే దొంగ ప్రోగ్రామైనను సులభముగాఁ జదువఁగల పట్టికలోఁ బడియుండెను. ఆక్షేపణ పెద్దదయ్యెను. జూను 7వ తేదీని సంస్థవారు కొంత వెనుకకుఁ దగ్గి, వాడుకరి కోరిననే గాని యిది పనిచేయదనియు, పట్టికను రహస్యలిపిలో భద్రపఱతుమనియు, చూడవలయునన్నచో ముఖమో వ్రేలో చూపి తానేయని రుజువుచేసికొనవలయుననియుఁ జెప్పిరి. తరువాత విడుదలను వాయిదా వేసి, నవంబరున పరీక్షార్థము కొందఱికిచ్చి, 2025 ఏప్రిలులో దానికిఁ దగిన శక్తిగల క్రొత్త యంత్రములవారి కెల్ల నందఁజేసిరి. చిత్రములు యంత్రములోనే యుండుననియు, తమకు రావనియు వారి మాట. దానిని నమ్మకుండుటకు నాకుఁ గారణము లేదు. ప్రజలు అఱచినందున నొక మహాసంస్థ తలుపునకు గడియ పెట్టినదనుటయు సంతోషించవలసిన విషయమే.

కాని ఆ గడియలన్నియు బయటి దొంగకొఱకుఁ బెట్టినవి. వ్రేలు గుర్తింపఁబడనిచో రహస్యసంఖ్య చెల్లును. మన యిండ్లలోఁ గంప్యూటరు రహస్యసంఖ్య ఏది? పెద్దబ్బాయి పుట్టినదినము, లేదా ఇంటాయన తొలి స్కూటరు నంబరు. అది యిల్లంతయు నెఱుఁగును. ఎఱుఁగనిచో అడుగుదురు, చెప్పనిచో ‘ఎందుకు చెప్పవు?’ అని యడుగుదురు. పుట్టింటికి వ్రాసిన మాటయు, వైద్యురాలిని అడిగిన ప్రశ్నయు, తల్లిదండ్రులకుఁ దెలియక నింపిన యుద్యోగపు దరఖాస్తును మూఁడు నెలల తరువాత వరుసగాఁ గనఁబడునపుడు, ఆనాఁటి నావంటి పిల్లవాఁడు నడుమ నక్కఱలేదు. యంత్రమే చదివి పెట్టియుంచును. వానికైనను మఱపు గలదు.

నిజము చెప్పవలయునన్న నట్టి యంత్రములు మా ఊళ్లలో నింకను మిక్కిలి తక్కువ. అయినను విషయము దూరదేశపుది గాదు. పులివెందుల ప్రక్క ఇడుపులపాయలో 2008లో నారంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమువారు, పదవతరగతి ముగించిన పల్లెపిల్లలను జేర్చుకొని, ఒక్కొక్కరి చేతికొక ల్యాప్‌టాపు నిచ్చిరి. ఎందఱో ఆఁడపిల్లలకు ఆ పలక యంత్రమే గడియ గల మొదటి గది. 2020లో మహమ్మారి వచ్చి యువకులు జమ్మలమడుగు ప్రాంతపు మిద్దెలమీఁదఁ గూర్చుండి బెంగుళూరు కంపెనీల పని చేయవలసినపుడు, ఉద్యోగి తెరను కొన్ని నిమిషముల కొకసారి చిత్రించి యజమానికిఁ బంపు సాధనములుండునని మావారు తెలిసికొనిరి. అచ్చట కన్ను బయటిది. వెల చెల్లించి కూర్చుండఁబెట్టినది. రీకాల్ కన్ను మనము గొనుక్కొనినది.

ఇంకొక చిక్కు కలదు. జాబు ఇద్దఱిది. నేను నా యంత్రమున రీకాల్‌ను మూసివేసితిననుకొందము. నేను పంపిన మాటను జదువువాని యంత్రమున నది తెఱచియున్నచో, నా మాట అచ్చటఁ జిత్రింపఁబడును. చదివిన పిమ్మట మాయమగునట్లు పంపినను మాయము గాదు. 2025 మే నెలలో సిగ్నల్ అను సందేశసాధనమువారు, విండోసులోఁ దమ తెర నల్లగాఁ గనఁబడునట్లు ఏర్పాటు చేసిరి. సినిమాలను దొంగతనముగాఁ జిత్రింపకుండుటకు వాడు ఉపాయమునే ఇందుకు వాడుకొనిరి. సినిమాకు ముందే యున్న రక్షణ మనిషి మాటకుఁ దరువాత అరువు దెచ్చుకొనవలసి వచ్చెను. నేనీ సంగతి తరగతిలోఁ జెప్పినపుడు వెనుక బల్ల పిల్ల యొకతె లేచి, ‘సార్, వాళ్ల యంత్రములో నా మాట యున్నచో అది నాదా, వాళ్లదా?’ అని యడిగెను. బ్యాంకి తీర్పు జ్ఞప్తికి వచ్చి నీదే యని చెప్పఁబోయితిని. కాని ఆ తీర్పు ప్రభుత్వమునకుఁ జెప్పినది. ఆమె స్నేహితురాలికిఁ గాదు. రేపు చెప్పెదనంటిని.

చట్టము చూచితిని. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టున రాష్ట్రపతి యామోదము పొందెను. దాని నియమములు 2025 నవంబరునఁ బ్రకటింపఁబడెను. సమాచారము సేకరించు సంస్థలు సమ్మతి నడుగవలయునని, కోరినచోఁ జెఱపివేయవలయునని యందు గలదు. కాని 3వ సెక్షనులోనే, ఒక వ్యక్తి తన సొంత పనికిఁగాని గృహావసరమునకుఁగాని వాడుకొనుదానికి ఈ చట్టము వర్తింపదని వ్రాయఁబడినది. వేఱువిధముగ వ్రాయుటయుఁ గష్టమే. ప్రతి కుటుంబపు ఫోటోకును కోర్టు మెట్లెక్క రాదు గదా. అయినను చట్టము మన గుమ్మమునొద్ద నిలిచి, ఇఁక లోపలిది మీ యిష్టమన్నదని మాత్రము గ్రహింపవలయును. మఱునాఁడు ఆ పిల్లకు ఈ సంగతి యంతయుఁ జెప్పితిని. ఆమె వ్రాసికొనలేదు, విని కూర్చుండెను.

మా యింట నొకే కంప్యూటరు. రీకాల్ పనిచేయునంత క్రొత్తది గాదు. అయినను నిరుడు దానిలో నలుగురికి నాలుగు ఖాతాలు వేఱుగాఁ దెఱచితిని. మా అమ్మకు అక్కఱలేదని యందఱ మనుకొంటిమి. ఆమె తనకును గావలయునని పట్టుపట్టి, తన సంఖ్య తానే యెంచుకొనెను. మా అమ్మాయి తన సంఖ్యను నాకుఁ జెప్పలేదు. యజమాని ఖాతా నా పేర నున్నది గనుక నేను దానిని మార్చి లోపలికిఁ బోఁగలను. ఆ సంగతి ఆమెకుఁ దెలియును. యజమాని ఖాతా ఎవరి పేర నుండవలయునను మాట మొన్న భోజనమువేళ వచ్చెను. ఇంకను దేలలేదు.